స్టాంపు పడ్డాక

ఆరో అంతస్తు దాకా మెట్లెక్కిన కోపమంతా ఆమె, లిఫ్టు ముందు టూల్‌బాక్సు మీద కూర్చున్న మనిషి మీద చూపించింది.

"కూర్చుంటే బాగవుతుందా అండీ లిఫ్టు?"

"బాగైపోయిందండీ. మీరు మూడో అంతస్తులో ఉన్నప్పుడే. పిలిచాను కూడా. మీరెవరినో తిట్టుకుంటూ ఎక్కుతున్నారు, వినలేదు."

"మిమ్మల్నే తిట్టుకుంటున్నాను."

"అయ్యో, సగంలో ఆపేశారే!"

ఆమె నవ్వకుండా ఆఫీసులోకి వెళ్లిపోయింది. కాసేపటికి అదే మనిషి చేతులు కడుక్కుని, పాస్‌పోర్టు పట్టుకుని ఆమె ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె పనిచేసేది వీసా కన్సల్టెన్సీలో. ఎవరికీ లేని ఆశ పెట్టదు కాబట్టి ఆఫీసులో ఆమె పేరు రూల్సమ్మ. అతను వేరే దేశం నుంచి కుర్రతనంలో వచ్చి, లిఫ్టులు బాగుచేస్తూ ఇక్కడే ఉండిపోయినవాడు. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లకి బయటి నుంచి ధైర్యం చెబుతూ భాష నేర్చుకున్నాడు. అందరికీ లిఫ్టు సార్.

"వేళ్లు మొద్దుబారిపోతున్నాయండీ. ఇక పనికి దిగొద్దన్నాడు డాక్టరు. ఉద్యోగం మానేస్తున్నాను. కానీ రిటైరై ఇక్కడే ఉండాలి."

"మీ దేశంలో ఎవరూ లేరా?"

"పెదనాన్న కొడుకు ఉన్నాడు. నేనెవరో గుర్తు తెచ్చుకోడానికి వాడికి కాస్త టైం పడుతుంది."

ఆమె కంప్యూటర్ వైపు తిరిగింది. "మీది వర్క్ వీసా. ఉద్యోగంతో పాటే పోతుంది. రిటైర్మెంట్ వీసాకి మీ వయసు చాలదు. పైగా పెన్షన్ ఉండాలి."

"కాంట్రాక్టు పనికి పెన్షనెక్కడిది?"

"ఇన్వెస్టర్ వీసా..." అని అతని చొక్కా వైపు చూసి, ఆ మాట ఆమే మింగేసింది.

"స్టూడెంట్ వీసా?"

"ఏం చదువుతారు?"

"మీరేం చెబితే అది."

నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగింది. చివరి లైను గబగబా చదివేసింది. "ఇక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకుంటే స్పౌజ్ వీసా. మీకు వర్తించదనుకుంటా."

అతను పాస్‌పోర్టు మూసి జేబులో పెట్టుకున్నాడు. కిటికీ అవతల వాన మొదలైంది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం వచ్చేవాడు. ఏదైనా దారి దొరికిందా అని అడిగేవాడు. లేదని చెప్పేది. ఇద్దరూ ఒకే గొడుగు కింద బస్టాపు దాకా నడిచేవాళ్లు.

"మీరు తడుస్తున్నారు."

"సగమేనండీ."

ఆమెకి నలభై దాటి చాలా ఏళ్లయింది. అమ్మానాన్నలు తొందరగా పోతే తమ్ముణ్ని పెంచి, చదివించి, పెళ్లి చేసి, వాడి ఇంట్లోనే మేడ మీద గదిలో ఉంటోంది. ఇన్నేళ్లలో ఆమె కోసం గొడుగు పట్టుకుని నిలబడినవాడు ఇతనొక్కడే. ఇతన్ని పంపేయాలని రాసిపెట్టిన రూల్స్ అన్నీ ఆమెకి కంఠతా వచ్చు.

ఒకే గొడుగు కింద ఇద్దరినీ తమ్ముడు చూశాడు. అక్కతో ఏమీ అనలేదు. నేరుగా అతని గదికి వెళ్లాడు.

"మీకు కావాల్సింది మా అక్క కాదండీ, వీసా. రేపు అందరూ అదే అంటారు. ఎప్పుడో ఒకరోజు మా అక్కకీ ఆ అనుమానం వస్తుంది."

మొదటి రెండు మాటలూ అతను భరించాడు. మూడోది భరించలేకపోయాడు.

అతని వీసాకి ఇంకో వారమే మిగిలింది. ఆమె బల్ల మీద పెన్ను అటూ ఇటూ దొర్లిస్తూ అంది.

"ఇంకో దారి మిగిలిందండీ. ఆ రోజు చివర్లో చదివానే, అది."

"అది వద్దండీ."

"ఎందుకని?"

"వద్దు. అంతే."

ఆమె పెన్ను డ్రాయరులో పడేసింది. "సరే. అయితే ఇక నా దగ్గర ఏ దారీ లేదు."

ఆ సాయంత్రం అతను గొడుగు విప్పితే, "అలవాటేలెండి తడవడం" అని వెళ్లిపోయింది. వానలో ఏడిస్తే ఎవరికీ తెలియదనుకుంది. బస్సులో పక్కసీటు ఆవిడ అడక్కుండానే రుమాలు చేతిలో పెట్టింది.

అతను వెళ్లిపోయే రోజు ఆమె ఎయిర్‌పోర్టుకి వెళ్లలేదు. సెలవు పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం ఫోను మోగింది.

"పాస్‌పోర్టు మీద స్టాంపు పడిందండీ. గేటు లోపలున్నాను. ఇక మీ దేశంలో నాకు వీసా లేదు. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

ఆమె లేచి మంచం మీద కూర్చుంది.

"హలో? ఉన్నారా?"

"నిన్న అడిగితే ఏం పోయేది?"

"వీసా కోసం అడిగినట్టుండేది."

"ఎవరికి?"

"మీకు. ఎప్పుడో ఒకరోజు."

"పిచ్చివాడా! నిన్న అడిగుంటే ఇక్కణ్నించే అప్లై చేసేదాన్ని. ఇప్పుడు బయటి నుంచి చేయాలి. అదెంత కష్టమో తెలుసా నీకు?"

"అంటే... ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకోకపోతే అప్లికేషన్ గోల నాకెందుకు?"

అతని నవ్వు సగంలోనే ఫ్లైటు అనౌన్స్‌మెంటులో కలిసిపోయింది.

పెళ్లి చేసుకోబోతున్నామని ఆమె అప్లికేషన్ పెట్టింది. ఇంటర్వ్యూకి పిలిచారు. ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్థుడు.

"ఆయన పెళ్లి మాటెత్తింది ఎప్పుడు మేడమ్?"

"వీసా అయిపోయిన రోజు."

ఆఫీసరు తలెత్తాడు.

"స్టాంపు పడ్డాకేనండీ! ఇక దాని అవసరం లేనప్పుడే అడగాలని..."

"తేదీ అదేగా మేడమ్."

నిజమే. వేరేవాళ్ల కేసైతే తనకీ అనుమానం వచ్చేది. ఈ పెళ్లి కేవలం వీసా కోసమేనని తేల్చి తిరస్కరించారు.

ఫోన్లో చెబితే అతను తొణకలేదు. అందుకే ఆమెకి భయమేసింది.

"అప్పీలు చేద్దాం," అంది.

"వద్దు. పెదనాన్న కొడుకు ఇంటి వెనక గదిలో ఉన్నాను. పని లేదు. నా కోసం నువ్వింకా ఏళ్ల తరబడి కౌంటర్ల దగ్గర నిలబడొద్దు. మర్చిపో."

ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. నెల గడిచింది, ఇంకో నెలా గడిచింది. ఆఫీసులో వీసా దారులన్నీ చెప్పుకుంటూ వచ్చి, స్పౌజ్ వీసా దగ్గర ఆమె ఆగిపోయేది. "మిగతాది మీరే చదువుకోండి" అని స్క్రీన్ వాళ్లవైపు తిప్పేసేది.

ఒక ఉదయం ఆమె మేడమెట్ల మీద కూర్చుని, ఎవరూ ఎత్తని ఫోను మోత వింటోంది. తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అక్కా, ఆయన గదికి నేను వెళ్లాను. ఆయనకి కావాల్సింది నువ్వు కాదు, వీసా అన్నాను. నీకూ ఎప్పటికైనా అనుమానమొస్తుందన్నాను."

ఆమె తలతిప్పి చూసింది. పెంచిన ఇన్నేళ్లలో వాణ్ని ఒక్క దెబ్బ కొట్టలేదు. ఇప్పుడు చెయ్యి లేచింది, లేచి గాల్లోనే ఆగిపోయింది.

"కొట్టు," అన్నాడు వాడు. కళ్లు తుడుచుకున్నాడు. "నిన్నెవరో ఎత్తుకుపోతున్నారనిపించిందక్కా. అంతే. నువ్వు వెళ్లు. నేనే దగ్గరుండి ఫ్లైటెక్కిస్తా."

"వెళ్తే ఏ వీసా మీద ఉండనురా? రిటైర్మెంటుకి నా వయసు..."

"అమ్మా తల్లీ, ఈ ఒక్కసారికి రూల్స్ మాట్లాడకు."

ఆమె ఉద్యోగం మానేసింది. విజిటర్ వీసా మీద బయల్దేరింది. తెలియని వీధుల్లో అడ్రసు అడుగుతూ, చలికి పళ్లు కటకటలాడుతుంటే, ఒక ఇంటి వెనక తలుపు తట్టింది.

మాసిన గడ్డం, ఒకదాని మీద ఒకటి రెండు స్వెట్టర్లు. మనిషి సగమైపోయాడు. ఆమెను చూసి తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఎందుకొచ్చావు?"

"పెళ్లి చేసుకుంటావా అని అడిగి, ఫోను ఎత్తకపోతే ఎలా?"

"ఇక్కడేమీ లేదు."

"కనబడుతూనే ఉందిగా."

అతను స్వెట్టరు అంచుతో మొహం తుడుచుకున్నాడు. "వీసా ఎన్నాళ్లు?"

"మూడు నెలలు. సగం ఈ గుమ్మంలోనే అయిపోయేట్టుంది. జరుగు, చలేస్తోంది."

అతను జరిగాడు.