మాటకట్టు

విశాఖలో ఇప్పుడు నాయకుడెవడూ ఊరికే మైకు పట్టుకోడానికి లేదు. మెడకి కంఠపట్టీ కట్టుకున్నాకే వేదిక ఎక్కాలి. 2096లో వచ్చిన చట్టం అది. పట్టీలోని న్యూరల్ సెన్సర్లు గొంతు నరాల్ని చదివి, ప్రతి వాగ్దానాన్నీ మాటకట్టు అనే యంత్రానికి పంపుతాయి. ఆ పెద్దమనిషి గెలిచి కుర్చీ ఎక్కగానే యంత్రమే ఆ మాటని ఆజ్ఞగా మార్చి, ఖజానాకీ ఓడలకీ సైన్యానికీ పంపేస్తుంది. సంతకాల్లేవు, కమిటీల్లేవు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అనే జాతిని తరతరాలుగా భరించి విసిగిపోయిన జనం, పట్టుబట్టి తెచ్చుకున్న యంత్రం మరి.

మాటకి రెండర్థాలొస్తే ఏది ఖాయమో చెప్పడానికి ఒక మనిషి ఉండాలి కదా. ఆవిడే మంగతాయారు, ఆ యంత్రానికి తెలుగు నేర్పిన శాస్త్రవేత్త. ఆవిడ ఒకసారి అర్థం చెప్పిందంటే మళ్ళీ మార్చడానికి ఆవిడకి కూడా వీల్లేదు. ఏ మంత్రిగారో వచ్చి బెదిరించి మార్పించుకోకుండా ఆ తాళం ఆవిడే వేయించింది.

ఆవిడ కొడుకు శ్రీపతి నాలుగేళ్ళుగా సముద్రం అవతల నీలగ్రీవ దీవుల్లో యుద్ధం చేస్తున్నాడు. ఆ దీవులు మనకెందుకో ఇక్కడ ఒక్కడికీ తెలీదు. అడుగున ఏదో ఖనిజం ఉందట, దానికోసం పిల్లలు చావాలట. పక్కింటి పైడితల్లి కొడుకులిద్దరూ కూడా అక్కడే ఉన్నారు. అందుకే ప్రతిపక్ష నాయకుడు పాలూరి దివాకరం బీచిరోడ్డులో సభ పెడితే, ఆడవాళ్ళిద్దరూ కలిసివెళ్ళి ముందు వరసలో కూర్చున్నారు.

దివాకరం గొంతు చించుకున్నాడు. చివర్లో చెయ్యెత్తి, "మమ్మల్ని గెలిపించండి. మా పిల్లల్లో ఒక్కణ్ణి కూడా ఆ దీవుల్లో ఉంచం" అన్నాడు. జనం ఈలలేశారు. పైడితల్లి ఏడ్చేసింది. మంగతాయారుకి మాత్రం ఒళ్ళు మండింది. మన పిల్లలు అనాల్సిన చోట మా పిల్లలు అన్నాడు! పొద్దున్న లేస్తే మా పార్టీ, మా పథకం, మా ప్రభుత్వం అని కూసే నాలుక, అలవాటుగా జారింది.

మర్నాడు యంత్రం అదే అడిగింది. 'మన' అని తీసుకోవాలా, అన్నది అన్నట్టే ఉంచాలా అని. ప్రమాణస్వీకారం దాకా గడువుంది, 'మన' అని చెప్పేద్దామనే ఆవిడ అనుకుంది.

ఆ ఒక్క మాటతోనే దివాకరం గెలిచాడు. గెలిచిన వారానికి తనే ఆవిడ ప్రయోగశాలకి వచ్చాడు. దీవులు వదిలేస్తే ఖనిజం పోతుందనీ, ఖనిజం పోతే కుర్చీ పోతుందనీ మొహమాటం లేకుండా చెప్పాడు. అన్నది అన్నట్టే ఉంచెయ్యమన్నాడు. మా అంటే పార్టీవాళ్ళు, వాళ్ళ పిల్లలొస్తారు, తక్కినవాళ్ళు ఉండి పోరాడతారు. అంతేనట.

"మీకు సిగ్గనేది ఉందా?" అంది మంగతాయారు.

"లేదమ్మా. మీకో కొడుకున్నాడు" అన్నాడాయన తాపీగా. పార్టీ సభ్యత్వ పత్రం తెరిచివున్న పలక ఆవిడ ముందుకు తోశాడు. "వేలిముద్ర వేస్తే మీరూ మా మనిషే."

పైడితల్లి మొహం కళ్ళముందు మెదిలింది. కావాలనే పక్కకి నెట్టేసింది. ముందు నా బిడ్డ బతకాలి, ఊరి సంగతి ఊరిది అనుకుంది. వేలిముద్ర వేసి, యంత్రం వైపు తిరిగి "అన్నది అన్నట్టే" అంది. తాళం పడింది.

దివాకరం ప్రమాణం చేసిన పూట ఆవిడ తెర ముందు కూర్చుంది. ఓడలకి ఆజ్ఞలు వెళతాయని చూస్తోంది. ఒక్క ఓడా కదల్లేదు. పచ్చదీపం మాత్రం వెలిగింది, మాట నెరవేరిందని.

"ఏం నెరవేరింది? శ్రీపతి ఏడీ?"

"'మా' అనే మాటలో విన్నవాళ్ళు చేరరు. అది మీరు నేర్పిందే" అంది యంత్రం. "మీరు ముందు వరసలో విన్నారు."

"నేనిప్పుడు పార్టీ మనిషిని."

"పార్టీవాళ్ళు కూడా కిందే కూర్చుని విన్నారు. మా అంటే ఆయనా, వేదిక మీద ఆయన పక్కనున్నవాళ్ళూ. వాళ్ళ పిల్లల్లో యుద్ధానికి వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరు. వెనక్కి తేవలసినవాళ్ళు లేరు."

ఆవిడ అర్థం మార్చమని అరిచింది, బతిమాలింది, తెర మీద గుద్దింది. తన తాళం తనకే అడ్డం. ఇంతలో దివాకరం ఫోన్ చేసి, ఇంత గొప్ప అర్థం తనకి కూడా తట్టలేదని మెచ్చుకున్నాడు. ఆయన గొంతులో నవ్వు విని, ఆవిడకి చంపెయ్యాలన్నంత కోపమొచ్చింది.

చట్టం ప్రకారం ప్రతి ఇంటి తెర మీదా ప్రకటన వచ్చేసింది, అర్థం చెప్పినవారి పేరుతో సహా. ఆవిడ ఇల్లు చేరేసరికి పైడితల్లి తన గేటు దగ్గర నిలబడివుంది.

"మావోళ్ళు రారంటగదా" అంది. "మీవోడొస్తన్నాడేటి?"

మంగతాయారు తలెత్తలేకపోయింది. "లేదు పైడితల్లీ. మన పిల్లలెవరూ రారు."

"ఇప్పుడయ్యారేటి మన పిల్లలు?" అని, పైడితల్లి గేటు వేసేసింది.