లారీలో ఆరు శాతం

"కదిలావంటే కాల్చేస్తా!"

తుపాకీ గొట్టం డ్రైవరమ్మ మెడ వెనక ఆనింది. చల్లగా ఉంది. దాని మీంచి వాన నీళ్ళు ఆమె వీపు మీదికి కారుతున్నాయి.

ఆమె కదల్లేదు. కదలడానికి చోటు కూడా లేదు. ముందు అమ్మ మంచం. పక్కన గోడ. వెనక వాడు!

మంచం మీద అమ్మ మూతికి మాస్కు ఉంది. మాస్కు నుంచి గొట్టం. గొట్టం చివర ఊపిరి మిషన్.

బుస్... బుస్... బుస్...

మిషన్ వైరు మంచం పక్కన స్విచ్ బోర్డులోకి వెళ్ళింది. అదే బోర్డులోకి కిటికీ గుండా ఒక లావుపాటి నల్ల కేబుల్ వచ్చింది. ఆ కేబుల్ రెండో కొస వాకిట్లో నిలబెట్టిన ఎలక్ట్రిక్ లారీలో ఉంది.

తుఫాను వచ్చి మూడు రోజులైంది. వీధి మొత్తానికి కరెంట్ లేదు. ఈ ఇంటికి మాత్రం ఉంది. సరుకులు మోసే లారీ మూడు రోజులుగా ఇంటిని మోస్తోంది.

ఇక అందులో మిగిలింది ఆరు శాతం చార్జింగ్. తెల్లారేదాకా రాదు. అందుకే తమ్ముడు ఈ వానలో, ఈ చీకట్లో, ఇంటి ముందు స్తంభం ఎక్కాడు.

తమ్ముడు లైన్‌మన్.

"లారీ కావాలా?" అంది ఆమె. "నా జేబులోనే ఉంది తాళం. తీసుకుపో. ఒక్క గంట ఆగి తీసుకుపో... అమ్మ బతుకు దాని మీదే ఉంది."

"లారీ నాకెందుకు తల్లీ?"

తెలిసిన గొంతు!

గభాలున తిరిగింది. గుమ్మం దగ్గరి లైటు వాడి మొహం మీద పడింది.

కాంట్రాక్టర్!

లైన్ పనుల కాంట్రాక్టర్. తమ్ముడికి పని ఇచ్చేది వీడే. నిన్నటిదాకా ఇంట్లో అందరూ "అన్నా" అని పిలిచిన మనిషి.

వీడెందుకొచ్చాడో తెలిసిపోయింది.

నిన్న చీకటి పడే వేళ తమ్ముడు కాలువ పక్కన స్తంభం మీద ఉన్నాడు. కింద ఈ కాంట్రాక్టరు తన స్టోర్ కీపర్ని వరద నీళ్ళలోకి తోసేశాడు. స్తంభం ఎక్కినవాడికి అందరి పెరళ్ళూ కనిపిస్తాయి. చూసినవి మింగేయడం ఆ ఉద్యోగంలో మర్యాద. కానీ ఇది మింగుడు పడలేదు. ఇంటికొచ్చి అక్కకి చెప్పాడు. నీళ్ళు తీయగానే పోలీసుల దగ్గరికి వెళ్దామనుకున్నారు ఇద్దరూ.

"వాడు నిన్ను చూళ్ళేదు కదరా?" అని అడిగింది.

"అంత చీకట్లో నేనెక్కడ కనపడతానే!" అన్నాడు.

నెత్తిన హెల్మెట్ లైటు దేదీప్యమానంగా వెలుగుతున్న సంగతి మర్చిపోయాడు, వెర్రి వెంగళప్ప!

"మెయిన్ స్విచ్ తాళం చెవి ఇటివ్వు" అన్నాడు కాంట్రాక్టర్.



"అన్నా... వద్దు..."

"స్తంభం మీద కాకిని కొట్టినట్టు కొట్టొచ్చు వాణ్ణి. కానీ బుల్లెట్ దొరికితే నా పీకకి చుట్టుకుంటుంది. కరెంట్ అయితే పేపర్లో రెండు లైన్లు. ఇవ్వు!"

మెయిన్ స్విచ్ మూడు రోజులుగా దించే ఉంది. దాని పెట్టెకి ఆమే తాళం వేసింది. లారీ కరెంట్ ఇంట్లోనే తిరగాలి. మెయిన్ పైకి లేపితే అది ఇల్లు దాటి వీధి తీగలోకి పారుతుంది. తెగి వేలాడుతున్న ఆ తీగ ముక్క ఇప్పుడు తమ్ముడి చేతుల్లో ఉంది!

రూల్ ప్రకారం తెగిన రెండు ముక్కలకీ ఎర్త్ గొలుసు తగిలించాలి, పొరపాటున కరెంట్ వచ్చినా నేలలోకి పోయేలా. వీధి వైపు ముక్కకి తగిలించాడు. ఇంటి వైపు ముక్కకి తగిలించలేదు.

"అదీ వెయ్యరా" అంది ఆమె.

"మెయిన్ నువ్వు దించావు, తాళం నువ్వు వేశావు. నీ మాట కంటే గొలుసు గట్టిదా ఏంటే అక్కా?" అని నవ్వి ఎక్కేశాడు.



"తాళం చెవి లేదు" అంది.

తుపాకీ ఆమెని వదిలేసింది. అమ్మ నుదుటి మీదికి వెళ్ళింది.

"ఇప్పుడుందా?"

ఆమె చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. తాళం చెవి వాడి చేతిలో పడింది.

"అరిచావంటే ముందు పెద్దమ్మ. అర్థమైందా?" వాడు వెనక్కి నడిచాడు. తుపాకీ అమ్మ వైపే ఉంది. "ఎవరూ నన్ననుకోరులే. లారీతో ఇల్లు వెలిగించుకుంది, మెయిన్ దించడం మర్చిపోయింది, చేజేతులా తమ్ముణ్ణి చంపుకుంది పాపం... అంటారు. అందరికంటే ముందు నేనే ఏడుస్తా."

"నన్ను?"

"తమ్ముడు పోయిన బాధలో కాలువలో దూకావు. కాలువ ఇంకా నిండుగానే ఉంది."

పెట్టె తాళం తెరుచుకుంది.

ఆమె చూపు నల్ల కేబుల్ ప్లగ్గు మీద పడింది. బోర్డుకి గుచ్చి ఉంది. రెండడుగుల దూరం. ఒక్క లాగు లాగితే చాలు, తమ్ముడు బతుకుతాడు!

వాడు పకపకా నవ్వాడు.

"లాగుతావా? లాగు. పెద్దమ్మ మిషన్ ఆగిపోతుంది. అమ్మా తమ్ముడా... తేల్చుకో!"

మిషన్ లేకుండా అమ్మ నాలుగు నిమిషాలుంటుందని నర్సు చెప్పింది. నాలుగే. మిషన్‌లో సొంత బ్యాటరీ తుఫాను మొదటి రోజే చచ్చింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెయ్యి లేవలేదు. ఏ కూతురికి లేస్తుంది?

వాడు పెట్టె పక్కనున్న కిటికీలోంచి తొంగి చూశాడు. పైన హెల్మెట్ లైటు వానలో ఊగుతోంది.

"ఆగు ఆగు... గ్లౌజులు తీస్తున్నాడు. చిన్న నట్టు కదా, గ్లౌజుతో పట్టు దొరకదు." వాడి చెయ్యి మెయిన్ స్విచ్ మీద పడింది. "ఆ... పట్టుకున్నాడు!"

ఫట్!

చీకటి!

గది మొత్తం గుయ్యారం. అదే క్షణంలో చీకట్లో మెయిన్ స్విచ్ ధడాలున పైకి లేచిన చప్పుడు!

"పోయాడు!" వాడు అరిచాడు. "షాక్ కొట్టి లారీ కరెంట్ ట్రిప్ అయింది! పోయాడు!"

బుస్ లేదు. మిషన్ ఆగిపోయింది!

ఆమె మంచం మీద పడింది. చేతులతో తడిమింది. అమ్మ మొహం... మాస్కు... భుజం... చెయ్యి...

అమ్మ చెయ్యి మంచం దాటి బయట వేలాడుతోంది. పిడికిలి బిగిసి ఉంది. పిడికిట్లో ఏదో ఉంది. రబ్బరు...

ప్లగ్గు!

అమ్మే లాగేసింది!

నోరు లేదు కదా అని చెవులు కూడా లేవనుకున్నారు అందరూ. ముసలమ్మని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. చివరికి కూతురు కూడా.

"అక్కా!" బయటి నుంచి కేక. "లైట్లు పోయాయేంటే? చార్జింగ్ అయిపోయిందా?"

బతికే ఉన్నాడు!

"అయిపోయిందిరా!" గొంతు చించుకుంది. "తొందరగా కానియ్! అమ్మకి ఊపిరి లేదు!"

"ఇంకొక్క నట్టే! రెండు నిమిషాలు!"

కాంట్రాక్టరు బూట్లు తడి నేల మీద చప్పుడు చేశాయి. దగ్గరికొస్తున్నాయి.

"అబద్ధం! లారీలో లైటు వెలుగుతూనే ఉంది." వాడి ఊపిరి ఆమె మొహానికి తగులుతోంది. "ప్లగ్గు పెట్టు. పెడితే పెద్దమ్మ బతుకుతుంది. పెట్టు!"

మెయిన్ పైనే ఉంది. ప్లగ్గు పెడితే అమ్మ బతుకుతుంది, తమ్ముడు మాడిపోతాడు. పెట్టకపోతే తమ్ముడు దిగుతాడు, అమ్మ...

ఒక నిమిషం అయిందా? రెండా?

అమ్మ గొంతులో గురక. ఆమె అమ్మ పిడికిలి పట్టుకుంది. అది వదల్లేదు. ఇంత బలం ఎక్కడ దాచుకుందో! స్పూను కూడా ఎత్తలేని చెయ్యి అది.

"అమ్మా... ఏం చెయ్యమంటావే..."

పిడికిలి ఒక్కసారి ఆమె వేళ్ళని నొక్కింది. గట్టిగా. తర్వాత ఒక్కో వేలూ వదులైంది. ప్లగ్గు ఆమె చేతిలోకి జారింది.

ఆ వేళ్ళు ఎందుకు వదులయ్యాయో ఆమెకి ఆ క్షణంలో అర్థం కాలేదు. అమ్మ తనకి ప్లగ్గు ఇచ్చిందనుకుంది, అంతే.

"ఇటివ్వు! నేనే పెడతా!" వాడు చీకట్లో చెయ్యి చాపాడు.

కేబుల్ కొస బతికే ఉంది. లారీ ఇంకా కరెంట్ తోస్తూనే ఉంది. ప్లగ్గుకి ముందున్న ఇత్తడి పుల్లలు ముట్టుకుంటే మనిషి మిగలడు. ఆ సంగతి తమ్ముడు ఆమెకి నూరుసార్లు చెప్పాడు. కాంట్రాక్టరుకీ తెలియాలి. కానీ వాడు ఇరవై ఏళ్ళుగా పని చేయించినవాడే, చేసినవాడు కాదు.

"తీసుకో అన్నా" అంది.

రబ్బరు తను పట్టుకుని, పుల్లలు వాడి అరచేతిలోకి గుచ్చింది.

వాడి తడి చెయ్యి మూసుకుంది!

అరుపు కూడా రాలేదు. పళ్ళు కటకటలాడిన చప్పుడు... మంచం కోడుకి వాడి మోకాలు కొట్టుకున్న చప్పుడు...

ధాం!

తుపాకీ పేలింది. పైకప్పు పెచ్చులు ఆమె నెత్తిన రాలాయి. వాడు వెల్లకిలా పడ్డాడు. మళ్ళీ కదల్లేదు.

ఆమె మంచం కింది చెక్క పీట లాగి, వాడి చేతిలోంచి ప్లగ్గుని తోసేసింది. మెయిన్ దించాలి! ప్లగ్గు పెట్టాలి! మూడు నిమిషాలేగా... మూడేగా అయింది...

ఒక్కసారిగా వెలుగు!

గదిలో, వాకిట్లో, వీధి చివరిదాకా. ఇంటింటి నుంచీ ఈలలు, చప్పట్లు, పిల్లల కేరింతలు!

తమ్ముడు తీగ కలిపి, గొలుసు తీసి, స్తంభం మీది స్విచ్ వేసేశాడు! మెయిన్ పైనే ఉంది. చంపడానికి వాడు లేపిన స్విచ్ లోంచే కరెంట్ లోపలికొచ్చింది!

బుస్... బుస్... బుస్...

మిషన్ నడుస్తోంది! ఆమె ఏడుస్తూ నవ్వింది. అమ్మ మీదికి వంగింది.

"అమ్మా! వాడు బతికాడే! కరెంట్ వచ్చిందే!"

బుస్... బుస్...

మిషన్ గాలి కొడుతూనే ఉంది. అమ్మ తీసుకోవడం లేదు.

ఆమె మాస్కు సరిచేసింది. మళ్ళీ సరిచేసింది. అమ్మ ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కింది... నొక్కింది... నొక్కింది...

వాకిట్లో తడి బూట్లు పరుగెత్తుకొస్తున్నాయి. తమ్ముడి గొంతు నవ్వుతోంది.

"టప్పుమందేంటే, ఫ్యూజా? పోతే పోయిందిలే, మార్చేస్తా! ముందు అమ్మకి చెప్పు అక్కా... నేనే వెలిగించానని చెప్పు!"