గోడ మీద లేని సున్నా

ముప్పై ఎనిమిది పేపర్లు దిద్దేసరికి రాజశ్రీకి చేతిలో ఎర్రపెన్ను విసిరికొట్టాలనిపించింది.

ఆరో తరగతి లెక్కల పరీక్ష. ప్రశ్న ఏమంత కష్టమైనది కాదు. సంఖ్యారేఖ మీద మైనస్ మూడుకీ నాలుగుకీ మధ్య దూరం ఎంత? ఏడు. రెండు వారాల పాటు గొంతు బొంగురుపోయేలా చెప్పిన పాఠం అది. క్లాసు మొత్తం ఆరు అని రాసింది. మైనస్ ఒకటి నుంచి ఒకటి దాకా ఎంత అంటే, రెండు బదులు ఒకటి అని రాసింది. అదే రెండు నుంచి తొమ్మిది దాకా అడిగితే మాత్రం అందరూ ఏడని సరిగ్గా రాశారు.

ఒక అమ్మాయి అయితే నాలుగులోంచి మైనస్ మూడు తీసేసి, చక్కగా ఏడు తెచ్చి, దాన్ని కొట్టేసి పక్కన ఆరు వేసింది. కింద హిందీలో చిన్న అక్షరాలతో, గోడ మీద చూసి సరిచేశాను అని కూడా రాసింది.

రాజశ్రీ కుర్చీలోంచి లేచింది.

స్టాఫ్ రూమ్ బయట పొడుగాటి వరండా గోడ మీద పది రోజుల క్రితం వేయించిన సంఖ్యారేఖ ఉంది. పసుపు గీత మీద ఎర్రటి అంకెలు, చూడముచ్చటగా ఉన్నాయి. రోజూ దాని పక్కనుంచే నడుస్తోంది గానీ ఏనాడూ నిలబడి చదవలేదు. ఇప్పుడు చదివింది. మైనస్ మూడు, మైనస్ రెండు, మైనస్ ఒకటి, ఒకటి, రెండు.

మళ్లీ చదివింది. సున్నా లేదు.

వరండా చివర స్టూలు ఎక్కి ఒకతను లైబ్రరీ తలుపు మీద హిందీలో పేరు రాస్తున్నాడు. గోడకి రంగులేసింది అతనే.

"పెయింటర్ భయ్యా, జరా ఇధర్ ఆయియే," అని హిందీలో పిలిచింది.

అతను నెమ్మదిగా దిగి వచ్చాడు. ముప్పై లోపు ఉంటాయి. చొక్కా జేబులో మూడు బ్రష్షులు, చెవి వెనక పెన్సిలు.

"నాగేంద్ర," అన్నాడు.

"ఏంటి?"

"నా పేరు మేడమ్. మీ ఇంట్లో తెలుగే కదా. టిఫిన్ బాక్సులో ఆవకాయ వాసన వస్తే అనుకున్నాను."

"మంచిది. అయితే తెలుగులోనే తిడతాను," అంది రాజశ్రీ. "సున్నా ఏది?"

నాగేంద్ర గోడ వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. ఏదో చెప్పబోయేంతలో ప్రిన్సిపాల్ శారద మేడమ్ గది తలుపు తెరుచుకుంది. రామగుండం నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన మనిషి. స్కూల్లో అందరితో హిందీ మాట్లాడుతుంది, కోపం వస్తే మాత్రం తెలుగువాళ్లతో తెలుగే.

విషయం విని, రాజశ్రీ తెచ్చి చూపిన పేపర్లు చూసి, ఆవిడ కళ్లజోడు తీసింది.

"ఈ డిజైన్ ఎవరిచ్చారు?"

"నేనే ఇచ్చాను మేడమ్. అంకెలన్నీ కాగితం మీద వరసగా రాసిచ్చాను. లెక్కల టీచర్ని, సున్నా మరిచిపోతానా?"

"నీ కన్ఫర్మేషన్ ఫైలు నా బల్ల మీదే ఉంది రాజశ్రీ. సోమవారం కమిటీ వాళ్లు వస్తున్నారు. క్లాసు మొత్తం తప్పు రాసింది, గోడ మీదా తప్పే ఉంది. వాళ్లకి నేను ఏం చెప్పను?"

రాజశ్రీ ఇంకా పర్మనెంటు కాలేదు. రెండేళ్ల ఉద్యోగం. ఈ హిందీ ఊళ్లో, తోర్వా పేటలో, ఇంటి దగ్గరే దొరికిన ఉద్యోగం.

"తప్పు నాదే మేడమ్," అన్నాడు నాగేంద్ర.

"సున్నా ఎందుకు వదిలేశావయ్యా?"

అతను బ్రష్షు కొనతో మెడ గోక్కున్నాడు. "మత్లబ్, అంటే, ప్లాట్‌ఫారాలు ఒకటి నుంచే కదా మొదలవుతాయి. ఇదీ అలగే అనుకున్నాను."

శారద మేడమ్ అతన్ని కాసేపు అలాగే చూసింది. "శనివారం మధ్యాహ్నం మొత్తం చెరిపి కొత్తగా రాయి. రాజశ్రీ, నువ్వు పక్కనే ఉండి రాయించు," అని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ వెళ్లగానే రాజశ్రీ స్టాఫ్ రూమ్ అంతా వినేలా అతన్ని తిట్టిపోసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర రాజశ్రీ నోరు ఆగలేదు. "ప్లాట్‌ఫారమట నాన్నా. సంఖ్యారేఖ వెయ్యమంటే రైల్వే స్టేషన్ కట్టాడు." గూడ్స్ గార్డుగా రిటైరైన తండ్రి సన్యాసిరావు పప్పు కలుపుకుంటూ విన్నాడు. తల్లి కనకమహాలక్ష్మి, "తిను ముందు," అంది.

శనివారం ఒంటిగంటకి స్కూలు వదిలేశారు. రాజశ్రీ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. నాగేంద్ర గోడకి తెల్లరంగు ముందే వేసి ఆరబెట్టాడు. పెన్సిలుతో అంకెలు గుర్తు పెట్టుకుంటూ వెళ్లాడు. ఈసారి నడిమధ్య సున్నా ఉంది. ఆమె కాస్త తెరిపిన పడి లేచి దగ్గరికి వెళ్లింది.

ఒకటికీ రెండుకీ మధ్య జానెడు. తొమ్మిదికీ పదికీ మధ్య జానా బెత్తెడు.

"ఇదేంటి?"

"ఏది మేడమ్?"

"ఇక్కడ తక్కువ, అక్కడ ఎక్కువ. గ్యాపులు సమానంగా ఎందుకు లేవు?"

"సమానంగానే ఉన్నాయి. కంటికి," అన్నాడతను ఓపిగ్గా. "ఒకటి సన్నగా ఉంటుంది. పది లావు. రెండిటికీ టేపు పెట్టి ఒకే జాగా ఇస్తే చూడ్డానికి ఎత్తుపళ్లలా ఉంటుంది. మా నాన్న గూడ్స్ రైలు వేగన్ల మీద ముప్పై ఏళ్లు నంబర్లు రాశాడు. నాకు మొదట నేర్పిందే ఇది."

"మీ నాన్నగారు వేగన్ మీద రాసింది నంబరు. ఇది దూరం. ఏ రెండు పక్క అంకెల మధ్యయినా ఒకే దూరం ఉండాలి. అంకె లావా సన్నమా అని ఎవరూ చూడరు, గీత నుంచి గీతకి కొలుస్తారు."

"అయితే అందంగా ఉండదు."

"అందంగా ఉండక్కర్లేదు. సరిగ్గా ఉంటే చాలు."

"రెండూ ఉండకూడదా?"

రాజశ్రీ కళ్లు మూసుకుని ఐదు లెక్కపెట్టింది. తెరిచేసరికి అతను అప్పటికే పెన్సిలు గుర్తులు చెరిపేస్తున్నాడు. అడ్డంగా వాదిస్తాడు, చెప్పింది చేస్తాడు. ఇలాంటి మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం కూడా కష్టమే.

సుద్దపొడి రాసిన దారం తెచ్చి ఒక కొస ఆమె చేతికిచ్చాడు. "గట్టిగా పట్టుకోండి. గోడకి ఆనించి." రెండో కొస తను పట్టుకుని మధ్యలో దారం లాగి వదిలాడు. టప్పున నీలం గీత పడింది. సగం పొడి ఆమె చున్నీ మీద, ముక్కు మీద పడింది.

"ఏటి ఇది?" కోపంలో రాజశ్రీకి ఇంటి భాష వచ్చేసింది.

"అచ్ఛా, మీరూ ఏటి అంటారే," అని నవ్వాడతను. "మాది బొబ్బిలి దగ్గర. మా తాత వచ్చాడు రైలు ఉద్యోగానికి. మీది?"

"పలాస. ముందు టేపు పట్టండి."

అడుగుకో గీత చొప్పున ఇరవై ఒక్క గీతలు గీశారు. ఆమె టేపు పట్టింది, అతను గుర్తు పెట్టాడు. బయట కాలం కాని కాలంలో వాన మొదలైంది. జల్లు వరండాలోకి కొడుతుంటే ఇద్దరూ గోడకి దగ్గరగా జరిగారు.

"మేడమ్, ఒక డౌట్," అన్నాడు. "మూడు కాడి నుంచి వెనక్కి మైనస్ రెండు దాకా నడిచాననుకోండి. వెనక్కే కదా నడిచింది. దూరం మైనస్ ఐదు కావాలి."

"మీ ఇంటి నుంచి స్కూలు ఎంత దూరం?"

"నాలుగు కిలోమీటర్లు."

"స్కూలు నుంచి ఇంటికి మైనస్ నాలుగా?"

నాగేంద్ర ఆలోచించాడు. "ఇంటికి వెళ్లేటప్పుడు ఇంకొంచెం ఎక్కువే ఉన్నట్టుంటుంది," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. "ఈ పది రోజుల బట్టి."

రాజశ్రీ టేపు చుట్టసాగింది. చుట్టిన టేపునే మళ్లీ చుట్టింది. "కొలతలు ఎక్కడైనా రాసిపెట్టండి, మరిచిపోతారు," అంది.

"ఆ అట్ట మీద ఉంది చూడండి కాగితం," అని అతను సీసాలో బ్రష్షు కడగడానికి వంగాడు. అంతలోనే తలెత్తి, "వద్దు, నేను రాసుకుంటాను," అన్నాడు. అప్పటికే అట్ట ఆమె చేతిలో ఉంది.

క్లిప్పు కింద నలిగిన రూళ్ల కాగితం. ఆమె చేతిరాత. మైనస్ పది, మైనస్ తొమ్మిది... మైనస్ ఒకటి, ఒకటి, రెండు... పది.

ఆ రోజు గుర్తొచ్చింది. ఇంటర్వెల్ బెల్లు కొడుతుంటే, ఒక చేత్తో ఫోనులో ఎవరో పిల్లవాడి తల్లితో మాట్లాడుతూ రెండో చేత్తో రాసింది. రాసి మళ్లీ చూడలేదు.

ఆమె అట్ట అతని వైపు తిప్పింది.

"ఇది మీ దగ్గరే ఉందా?"

"ఉంది."

"మొన్న మేడమ్ అడిగినప్పుడు కూడా?"

"జేబులోనే ఉంది."

"మరి చూపించలేదేం? ప్లాట్‌ఫారం కథ చెప్పారెందుకు?"

"అప్పటికప్పుడు ఏదో చెప్పాలి కదా. తోచింది చెప్పాను," అన్నాడు నాగేంద్ర. "మీ ఫైలు ఆవిడ బల్ల మీద ఉందన్నారు. నాదేముంది, పెయింటర్ తప్పు రాశాడంటే ఎవరూ ఆశ్చర్యపోరు. మీరైతే ఉద్యోగం..."

"నేను మిమ్మల్ని అందరి ముందూ అన్నేసి మాటలన్నాను."

"బావున్నాయి మాటలు. మా ఇంట్లో చెప్పుకుని నవ్వుకున్నాం."

రాజశ్రీకి ఏడుపొచ్చింది, దానికన్నా ఎక్కువ కోపమొచ్చింది. తన మీదా, అతని మీదా. "మిమ్మల్ని ఎవరడిగారు నా తప్పు మొయ్యమని? నేను చిన్నపిల్లనా?" అంది. కాగితం మడిచి పర్సులో పెట్టుకుని వానలోనే స్కూటీ తీసుకుని వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున్నే కమిటీ వాళ్లు రాకముందే శారద మేడమ్ ముందు ఆ కాగితం పెట్టింది. "సున్నా వదిలేసింది నేను మేడమ్. అతను కాదు."

శారద మేడమ్ చదివి పక్కన పెట్టింది. "ఇది నువ్వు నాకు చెప్పకపోయినా జరిగిపోయేది."

"తెలుసు మేడమ్."

"కన్ఫర్మేషన్ మూడు నెలలు వెనక్కి వెళ్తుంది. పిల్లలకి మళ్లీ పరీక్ష పెట్టు." ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. "ఇంకో సంగతి. ఆ కుర్రాడు లేని తప్పు ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. అతనికి చెప్పు."

చెబుదామంటే అతను లేడు. ఆదివారమే వచ్చి గోడ పూర్తి చేసి వెళ్లిపోయాడట. గీతలన్నీ సమానంగా ఉన్నాయి. అంకెలు కూడా, ఎలా చేశాడో గానీ, ఎత్తుపళ్లలా లేవు. మళ్లీ పెట్టిన పరీక్షలో ముప్పై ఆరు మంది ఏడు రాశారు. ఆ సంగతి చెబుదామన్నా మనిషి జాడ లేదు. వారం గడిచింది. ఇంకో వారం గడిచింది. కాళ్లకి అడ్డమొచ్చినన్నాళ్లూ అడ్డమొచ్చి, కావలసినప్పుడు మాయమయ్యాడేమిటీ మనిషి అని ఆమెకి ఒళ్లు మండింది.

రెండో శనివారం సెలవు. ఊరి అవతల బోద్రీ కోర్టు దగ్గర వకీళ్ల పేర్ల బోర్డులు రాస్తున్నాడని స్కూలు గుమాస్తా చెప్పాడు. రాజశ్రీ ఎండలో స్కూటీ మీద బోద్రీ వెళ్లింది. కోర్టు బయట వరసగా ఉన్న రేకుల గదుల్లో మూడో దాని ముందు అతను కనిపించాడు. ఆమెని చూసి బ్రష్షు జారవిడిచాడు.

"ఎవరి మీదయినా కేసు వేస్తున్నారా?"

"మీ మీదే. చెప్పకుండా ఎందుకు పోయారు?"

"మీరు కోపంగా వెళ్లిపోయారు కదా. ఇంక నా మొహం చూడరనుకున్నాను."

"నేను కోపంగా లేని రోజు మీరు ఎప్పుడైనా చూశారా?"

నాగేంద్ర నిజాయితీగా ఆలోచించాడు. "లేదు," అన్నాడు.

"మరి ఇంకేం?"

అతను కింద పడిన బ్రష్షు తీసి గుడ్డతో తుడిచాడు, చాలాసేపు తుడిచాడు. "మీ ఇంటి వీధి చివర దాకా రెండుసార్లు వచ్చాను. వెనక్కి పోయాను. మీరు టీచరు. నేను రోజుకూలికి గోడలు రాసేవాణ్ని. రేపు ఈ బోర్డులు కూడా ఫ్లెక్సు వాడు పట్టుకుపోతాడు. వచ్చి ఏమని అడగను?"

"ఏమని అడుగుదామనుకున్నారో అదే అడగాలి. నేను తోర్వా నుంచి ఇంత దూరం వచ్చాను, మీరు వీధి చివర నుంచి గుమ్మం దాకా రాలేరా?"

"మీకు ఇష్టమేనా మత్లబ్..."

"ఇష్టం లేకపోతే ఈ ఎండలో వస్తానా? ప్రతీదీ గోడ మీద రాసి చూపించాలా మీకు?"

అతని మొహం అంతా నవ్వయింది. రాజశ్రీ చూపు తిప్పుకుంది, తిప్పుకున్నా ఆ నవ్వు కనిపిస్తూనే ఉంది. "రేపు నాలుగింటికి. నాన్న ఇంట్లోనే ఉంటారు," అని స్కూటీ ఎక్కింది.

నాగేంద్ర నాలుగుకి పది నిమిషాల ముందే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో అరటిపళ్లు. సన్యాసిరావు కూర్చోబెట్టి తండ్రి పేరు అడిగాడు. గోవిందరావు కొడుకునని చెప్పగానే, "ఏటి, వేగన్ షాపు పెయింటర్ గోవిందరావా?" అన్నాడు. ఇంక అంతే. పాత వేగన్లు, పాత రంగులు, ఏ అక్షరం ఎంత ఎత్తు రాసేవారో, అన్నీ వచ్చాయి. ఐదయింది. రాజశ్రీ మూడోసారి టీ తెచ్చింది. నాగేంద్ర కప్పు అందుకుని, "బ్రేక్ వ్యాను మీద పసుపు గీత ఉండేది కదండీ," అన్నాడు.

ఆమె ట్రే బల్ల మీద గట్టిగా పెట్టింది.

"నాన్నా, ఈయన వేగన్ల గురించి మాట్లాడ్డానికి రాలేదు. నన్ను పెళ్లి చేసుకుంటానని అడగడానికి వచ్చాడు."

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. నాగేంద్ర టీ మింగలేక కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"తెలుసే," అన్నాడు సన్యాసిరావు తాపీగా. "మూడు వారాల బట్టి అన్నం కాడ కూకుంటే సాలు, ఆ పెయింటర్ అలగన్నాడు, ఇలగ సేసాడు, ఇంకా రాలేదు. లోకంలో ఇంకెవల్నీ తిట్టడం మానేసేవు. నాకూ మీ అమ్మకీ ఆమాత్రం తెల్దా?"

"తెలిసి గంట నుంచీ వేగన్లు చెప్పారా?"

"అడగాల్సిన మనిషి ఆడు. ఎప్పుడు నోరిప్పుతాడో అని సూస్తన్నాను."

నాగేంద్ర కప్పు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. చేతులు ప్యాంటుకి రుద్దుకున్నాడు. "అంకుల్, మీ అమ్మాయిని నాకు..."

"అంకుల్ ఏటి బాబూ, మావయ్యగారు అను," అంది కనకమహాలక్ష్మి గుమ్మంలోంచి.

"మావయ్యగారూ, రాజశ్రీ గారిని నాకు ఇవ్వండి. బాగా చూసుకుంటాను."

"చొక్కాకి ఆ రంగు మరకేంటి?" అంది రాజశ్రీ. "ఇవాళ కూడానా? మంచి చొక్కా వేరే లేదా మీకు?"

సన్యాసిరావు కుర్చీలో వెనక్కి వాలి, చాలా రోజుల తరవాత డ్యూటీ దిగినవాడిలా ఒళ్లు విరుచుకున్నాడు. "తీసుకెళ్లు బాబూ," అన్నాడు. "నేను రిటైరైపోయాను."