నడిమి మదుం కింద జనాభా

రాత్రి ఎనిమిది దాటిందంటే నడిమి మదుం మీదుగా ఒంటరిగా పోయే మనిషి మీకు కనపడడు. ఆటోవాళ్ళయితే ఉన్న లైట్లన్నీ వేసుకుని, హారన్ మోగించుకుంటూ, ఊపిరి బిగబట్టి దాటేస్తారు. ఎందుకయ్యా అంటే... మదుం కింద నుంచి ఒక గొంతు అడుగుతుందట.

"ఏ ఊరు బాబూ మీది?"

అంతే. ఏడుపు లేదు, నవ్వు లేదు, గజ్జెల చప్పుడు లేదు. చుట్టం అడిగినట్టు మర్యాదగా ఊరి పేరు అడుగుతుంది. చెప్పారో, అయిపోయారు. మూడు రోజులు జ్వరం, నాలుగో రోజు పాడె. అలా పోయిన వాణ్ణి కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు గానీ, చూసినవాళ్ళు చెప్పగా విన్నవాళ్ళు ఊరి నిండా ఉన్నారు.

శ్రీముఖలింగం పోయే దారిలో బూరగపేట, దేవరవలస అని రెండు ఊళ్ళు. వాటి మధ్య గెడ్డ, అంటే చిన్న వాగు. గెడ్డ మీద రోడ్డు, ఆ రోడ్డు కింద నీళ్ళు పోవడానికి తెల్లదొరల కాలంలో రాతితో కట్టిన మదుం. నడుం వంచితే మనిషి లోపలికి నడిచి వెళ్ళిపోవచ్చు, అంత పెద్దది. తాతల కాలంలో కలరా వచ్చినప్పుడు ఎక్కడి నుంచో ఒక కుటుంబం మూటలు నెత్తిన పెట్టుకుని ఆ దారిన వచ్చిందట. బూరగపేటవాళ్ళు కర్రలు పట్టుకుని అడ్డంగా నిలబడ్డారు. వెనక్కి తిరిగేసరికి దేవరవలసవాళ్ళు దారికి ముళ్ళకంప వేసేశారు. పాపం, ఇటూ కాక అటూ కాక ఆ మదుం కిందే పడి ఉన్నారు. మూడో నాటికి మూలుగు కూడా వినపడలేదు.

పోయినవాళ్ళని ఏ ఊరి పుస్తకంలోనూ రాయలేదు. మా ఊరోళ్ళు కాదంటే మా ఊరోళ్ళు కాదన్నారు. ఎంతమంది పోయారో కూడా ఈరోజుకీ ఎవరికీ తెలీదు. రాస్తే కదా!

నాలుగేళ్ళ కిందట ఆ రెండు పంచాయతీలనీ కలిపేసి నగర పంచాయతీ చేశారు. అటు సగం పేరు, ఇటు సగం పేరు తీసుకుని దేవరపేట అన్నారు. ఎవరి సగం ముందుండాలన్న దాని మీద బోర్డు పెట్టిన రోజు కొట్టుకున్నంత పని అయింది. గెడ్డ నీళ్ళని ఎగువన ఎక్కడో మళ్ళించేశారు, మదుం ఎండిపోయింది. పొలిమేరలో ఉన్నది కాస్తా ఊరి నట్టనడుమకి వచ్చింది. అయినా అది ఎవరిదీ కాలేదు. అక్కడ ఒక్క వీధి దీపం వెయ్యడానికి ఇటు వార్డువాళ్ళూ ఒప్పుకోలేదు, అటు వార్డువాళ్ళూ ఒప్పుకోలేదు.

పరంజ్యోతి మేస్టారికి ఈ కథంటే ఒళ్ళుమంట. ఆయన బూరగపేట ఎలిమెంటరీ స్కూల్లో టీచరు, అక్కడి బాప్టిస్టు చర్చిలో సంఘం పనులు చూసే డీకను. "దెయ్యం లేదు, గియ్యం లేదు. మన పెద్దలు సేసిన పాపానికి దెయ్యమని పేరెట్టుకున్నాం" అని పాఠం మధ్యలో కూడా అనేవాడు. ఆయనకి ఇంకొకటుంది... గర్వమే అనండి. ఇదివరకు రెండుసార్లు జనాభా లెక్కలకి తిరిగాడు, ఒక్క మనిషిని వదల్లేదు. తాళం వేసి ఉన్న ఇంటికి పదిసార్లు పోయేవాడు. మనం రాయకపోతే ఆ మనిషి లేనట్టే అనేవాడు.

ఈసారి లెక్కల్లో మదుం ఉన్న బ్లాకు ఆయనకి పడింది. ఇళ్ళన్నీ అయిపోయాయి. చివరి రాత్రి ఉంది చూశారూ, అది వేరు. ఇల్లూ వాకిలీ లేనివాళ్ళని ఆ ఒక్క రాత్రే లెక్కపెట్టాలి... బస్టాండు అరుగుల మీద, మూసిన కొట్ల ముందు, వంతెనల కింద. ఆ రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటే అక్కడే వాళ్ళ లెక్క.

ఆ రాత్రి పదింటికి జగన్నాధం ఫోన్ చేశాడు. ఆయన దేవరవలస మనిషి, హైస్కూలు మేస్టారు, ఈ లెక్కలకి సూపర్‌వైజరు.

"మేస్టారూ, మదుం కాడికి పోనక్కర్లేదు. సున్నా ఏసీండి. అక్కడెవుడుంటాడు?"

"సూడకుండా సున్నా ఎలా ఏస్తానండీ?"

"ఏటి మేస్టారూ మీరు! నా మాటినండి..."

ఆయన వినలేదు. భార్య రూబీ వీధి గుమ్మం దాకా వచ్చింది. "దెయ్యం లేకపోతే మానె, పాములుంటాయి కదండీ. టార్చి పట్టుకెళ్ళండి" అని చేతిలో పెట్టింది.

బండి రోడ్డు పక్కన ఆపి దిగాడు. చంద్రుడు లేడు. ఎండిన గెడ్డలో రెల్లు గాలికి గరగరలాడుతోంది. గట్టు మీంచి ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ కిందికి దిగాడు. ఇసక... మెత్తగా... కాలు పడితే చప్పుడు రావడంలేదు. మదుం నోరు నల్లగా కనపడింది. టార్చి వెయ్యబోయాడు.

"ఏ ఊరు బాబూ మీది?"

ముసలి గొంతు. పక్కనే ఉన్నట్టు.

దెయ్యం లేదని పాతికేళ్ళు పాఠం చెప్పిన మనిషి టార్చి వెయ్యడమే మర్చిపోయాడు. యేసుప్రభువు పేరు తలుచుకుందామంటే నాలుక కదల్లేదు. వెనక్కి పరుగెత్తుదామనుకున్నాడు, నిజం. కానీ చేతిలో లెక్కల ఫోను వెలుగుతూ ఉంది. ఏం మాట్లాడాలో తెలీక, అలవాటైన మాటే అనేశాడు.

"జనాభా లెక్కలకొచ్చానమ్మా."

లోపల... ఎవరో చిన్నపిల్ల దగ్గింది. ఎవరో ఆ నోరు నొక్కేశారు. ఉడికిన అన్నం వాసన వచ్చింది.

మేస్టారు నడుం వంచి టార్చి వేశాడు. ముగ్గురు. గోనెపట్టా మీద ముడుచుకుని పడుకున్న ముసలమ్మ. పిల్లని ఒళ్ళోకి లాక్కుని కూర్చున్న ఒక ఆడమనిషి, ముప్పయ్యేళ్ళుంటాయేమో. మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద గిన్నె. పొయ్యి పైన రాతికమాను మసి పట్టి ఉంది.

"లైటార్పీండి బాబూ! రోడ్డు మీదోళ్ళకి కనబడతాది" అందామె, దండం పెడుతూ.

ఆర్పేశాడు. ఆ చీకట్లోనే చెప్పింది. భావనపాడు దగ్గర వాళ్ళ ఊరు. మొగుడు సముద్రం మీద చేపల వేటకి పోయి తిరిగి రాలేదు. అత్తనీ కూతుర్నీ తీసుకుని ఇటికల బట్టీలో పనికని ఇటొచ్చింది.

"మొదట మార్కెట్టు షెడ్డులో పడుకున్నాం బాబూ. పడుకోనిచ్చారా? రాత్రయితే సాలు, ఎవుడో ఒకడొచ్చి పక్కన కూకునీవోడు. తెల్లార్లూ కత్తిపీట పట్టుకుని కూకునీదాన్ని. ఇక్కడికైతే ఏ మగోడూ రాడు. మా అత్త ఆ మాట అడగతాది, ఆళ్ళు పరుగు పుచ్చుకుంటారు. ఇల్లున్నోళ్ళకి తలుపులుంటాయి బాబూ. మాకీ దెయ్యమే తలుపు."

ఆ షెడ్డు దగ్గర పేకాడే మగాళ్ళు ఎవరో మేస్టారికి తెలుసు. సగం మంది ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే.

"భయపడకమ్మా. రాసుకుంటాను, అంతే. బయటికి సెప్పం. మిమ్మల్ని రాయకపోతే మీరు లేనట్టే లెక్క."

"లేనట్టే రాసీండి బాబూ! మదుం కింద ఆడది ఉన్నాదని ఆపీసులో ఒక్కడు సదివితే సాలు, రేపు రాత్రికి ఇక్కడుంటారు. నా కూతురు ఎదుగుతోంది. మీ కాళ్ళు మొక్కుతాను, మమ్మల్ని రాయొద్దు."

ఎవరూ చదవరని చెబుదామనుకున్నాడు. చెప్పలేకపోయాడు. జగన్నాధం చూస్తాడు, ఆఫీసులో కుర్చీల్లో ఉన్నవాళ్ళు చూస్తారు, మర్నాటికి టీకొట్టు దాకా వచ్చేస్తుంది. ఆ ఊరి సంగతి ఆయనకి తెలీనిదా?

"సరేనమ్మా" అన్నాడు.

వెళ్ళబోతుంటే ముసలమ్మ లేచి కూర్చుంది. "కూడు తిన్నావా బాబూ?" అని అడిగింది.

తిన్నానని అబద్ధమాడి గట్టెక్కాడు. రోడ్డు మీద నిలబడి ఫోనులో సున్నా నొక్కాడు. బతుకులో మొదటిసారి, చూసిన మనిషిని లేడని రాశాడు.

పొద్దున్న నూకయ్య టీకొట్టు దగ్గర పదిమంది ఆయన కోసమే కాచుకున్నారు.

"ఏటి మేస్టారూ, మదుం కాడికెళ్ళారంట! ఏటైనా కనబడినాదా?" అన్నాడు నూకయ్య.

ఏం లేదంటే చాలు, కుర్రవాళ్ళకి ధైర్యం వచ్చేస్తుంది. సాయంత్రానికి సీసాలు పట్టుకుని అక్కడే చేరతారు. మేస్టారు గ్లాసు కింద పెట్టాడు.

"ఉన్నాది నూకయ్యా. ఊరు పేరడిగింది. సెప్పులొదిలేసి పరుగెత్తుకొచ్చేశాను."

కొట్టంతా నోళ్ళు వెళ్ళబెట్టింది. ఎవరో చెబితే వేరు. పరంజ్యోతి మేస్టారు చెప్పడమా! మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. "డీకనై ఉండి ఇదేం మాటండీ, చర్చిలో నేను తలెత్తుకోవాలా వద్దా?" అని రూబీ ఏడ్చింది. ఆమెకి కూడా నిజం చెప్పలేదు. మాటిచ్చాడు మరి. అవమానం అయితే అయింది, ఆ ముగ్గురూ హాయిగా పడుకుంటారు కదా అనుకున్నాడు. నిజం చెప్పాలంటే లోలోపల కాస్త సంతోషించాడు కూడా.

నాలుగో రోజు, స్కూల్లో రెండో గంట కొట్టేవేళకి జగన్నాధం ఫోను.

"మేస్టారూ, మీ పుణ్యమా అని ఊరికి పీడ వదిలిపోతన్నాది! మదుం పూడ్చేస్తన్నారు. మీలాంటి మనిషే సూశాడంటే ఇంక ఆగకూడదన్నారు పెద్దలు. లోపలెవరైనా ఉంటారేమో అని ఇంజినీరు నసిగాడు. నేనే సెప్పాను... మేస్టారు రాత్రిపూట సొయంగా ఎళ్ళి సూసి సున్నా ఏశారు, ఇంకేటి అనుమానం అని."

మేస్టారు ఫోను పెట్టలేదు, పిల్లలకి చెప్పలేదు. సుద్దముక్క చేతిలో ఉండగానే బండెక్కాడు. దారిలో ఎవరెదురయ్యారో తెలీదు. పగలు ఆ ఆడమనిషి బట్టీకి పోతుంది. మరి ముసలమ్మ? పిల్ల? వాళ్ళు నోరెత్తి అరిచినా, ఆ అరుపు విని దెయ్యమనుకునేవాళ్ళే గానీ ఆగేవాడెవడు! ఆ మాట తలుచుకునేసరికి బండి ఇంకా వేగం పెంచాడు.

వెళ్ళేసరికి మదుం ఒక నోరు మట్టితో మూసుకుపోయి ఉంది. రెండో నోటి ముందు జేసీబీ తొండం ఎత్తుతోంది.

"ఆపరా! ఒరే, ఆపు! లోపల మనుషులున్నారు!"

జేసీబీ డ్రైవరు వినోద్ బిత్తరపోయి ఆపేశాడు. మేస్టారు మట్టిలో పడుతూ లేస్తూ లోపలికి దూరాడు. "అమ్మా! ఓ అమ్మా! నేనే... బయటికి రండి!"

ఆయన గొంతే ఆయనకి తిరిగొచ్చింది.

ఎవరూ లేరు. గోనెపట్టా లేదు, గిన్నె లేదు. పొయ్యి రాళ్ళూ లేవు. సరే, చప్పుడు విని పారిపోయి ఉంటారు అనుకున్నాడు. ఫోనులో లైటు వేసి పైకెత్తాడు. పొయ్యి ఉన్న చోటుకి సరిగ్గా పైన, రాతికమాను తెల్లగా ఉంది. అరచేత్తో గట్టిగా రుద్ది చూసుకున్నాడు. బూజు అంటుకుంది. మసి లేదు... ఒక్క మరక లేదు. నాలుగు రోజుల్లో మసి ఎక్కడికి పోతుంది?

"పొద్దున్న నేను ఆ సివర్నుంచి ఈ సివరి దాకా పాకి సూసినాను సార్" అన్నాడు వినోద్, వెనక నుంచి. "ఇక్కడ మనిషి మసిలి ఎన్నేళ్ళయిందో."

మేస్టారు గెడ్డలో కూలబడిపోయాడు. తర్వాత లేచి ఇటికల బట్టీకి పోయి అడిగాడు. వందమంది ఆడకూలీలు వస్తారు, పోతారు, ఎవరని చెప్పం అన్నారు. నూకయ్య మాత్రం, మొన్న తెల్లారగట్ల టెక్కలి బస్సు ఎక్కుతూ ఒక ముసల్దీ, ఒక ఆడమనిషీ, ఒక పిల్లా కనపడ్డారన్నాడు. నూకయ్య మాట! వాడు ఎవరేది అడిగితే అది చూశానంటాడు.

సాయంత్రానికి మదుం పూర్తిగా పూడిపోయింది. చీకటి పడుతుంటే మేస్టారు జగన్నాధం ఇంటికెళ్ళాడు. లెక్కల్లో తప్పులు దిద్దుకోవడానికి ఇంకొక్క రోజే గడువు.

"ఆ సున్నా తప్పండి. ముగ్గురని వెయ్యాలి."

జగన్నాధం ఎగాదిగా చూశాడు. "ఎక్కడున్నారు మేస్టారూ ఆ ముగ్గురూ?"

"ఇప్పుడెక్కడున్నారో నాకు తెలీదు. ఆ రాత్రి ఉన్నారు. నేనబద్ధం ఆడాను. టీకొట్టు దగ్గరా ఆడాను, లెక్కల ఫోనులోనూ ఆడాను." జరిగిందంతా చెప్పాడు. మసి సంగతి కూడా దాచలేదు.

జగన్నాధం వీధి తలుపు వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "అయితే... మనుషులేనంటారా?"

పరంజ్యోతి లెక్కల ఫోను తీసి ఆయన ముందు పెట్టాడు. "ఆ రాత్రి లెక్కే కదండీ లెక్క. వెయ్యండి."

ఏమనుకున్నాడో జగన్నాధం, కళ్ళజోడు పెట్టుకున్నాడు. సున్నా చెరిపి మూడు నొక్కాడు. తెర మీద మూడు ఖాళీ గళ్ళు తెరుచుకున్నాయి.

"పేర్లు సెప్పండి మేస్టారూ."

పరంజ్యోతి నోరు తెరిచాడు. ఏ గుమ్మంలో నిలబడినా ఆయన మొదట అడిగేది పేరే. కానీ ఆ రాత్రి, రాయనని మాటిచ్చేశాక, ఇంక వాళ్ళ పేర్లతో పనేముందనిపించింది. ఆ ముసలమ్మ ఆయన తిన్నాడో లేదో అడిగింది. ఆయన ఏమీ అడగలేదు.

"మేస్టారూ... పేర్లు?"

"అడగలేదండీ" అన్నాడు పరంజ్యోతి. ఆ మాట అనేసి, పరాయివాళ్ళ ఇల్లని కూడా చూడకుండా, గట్టిగా ఏడ్చేశాడు.