విరగని కాలు

"ఆ కాలు కాదండీ! విరిగింది ఎడమ కాలు!"

ఎక్స్‌రే గది తలుపు తోసుకుని అరిచాను. మా అవ్వ కుడికాలిని బల్ల మీద సరిచేస్తున్న అమ్మాయి తలతిప్పి చూసింది. తెల్లకోటు మీద డాక్టర్ హరిణి అని ఉంది.

"ఎడమది అయిపోయింది. ఇప్పుడు కావాల్సింది ఇదే. రేడియేషన్ ఉంటుంది, బయటికెళ్ళండి."

"నోరు మూసుకోప్పా తేజస్," అంది అవ్వ నొప్పిలోనే. "ఆయమ్మకు కుడేదో ఎడమేదో తెలీదా?"

కాసేపటికి హరిణి రెండు ఫిల్ములూ లైటు పెట్టెకు తగిలించి నన్ను పిలిచింది.

"విరిగిన చోట అంతా చెదిరిపోయి ఉంటుంది. ఎముక అసలు బలం ఎంతో విరగనివైపు చూస్తేనే తెలుస్తుంది. ఈ సన్నటి గీతలు చూడండి, బరువు మోసేవి ఇవే. మీ అవ్వకు చాలావరకు చెరిగిపోయాయి."

"అంటే?"

"బోన్ వీక్. పైగా ఫ్రాక్చర్ స్టేబుల్ కాదు, లోపలివైపు ఆసరా ముక్కలైపోయింది. రాడ్ వేసి స్క్రూ బిగిస్తాం. ఎముక దాన్ని పట్టుకుంటే నడుస్తారు. జారితే..."

ఆమె ఆపిన చోట నా భయం మొదలైంది. అమ్మా నాన్నా పోయాక నాకు మిగిలింది అవ్వ ఒక్కతే. ఆ చెరిగిన గీతల్లోంచి ఎవరో నన్ను చూస్తున్నట్టనిపించింది.

అది 2003 జూలై. ఆపరేషన్ అయ్యాక రోజూ వైట్‌ఫీల్డ్ ఆఫీసునుంచి వానలో తడుస్తూ ఆసుపత్రికి వచ్చేవాణ్ణి.

"ఆఫీసులో ఏం పని?" ఒకసారి టీ ఇస్తూ అడిగింది హరిణి.

"సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పులు వెతకడం."

"అందుకా ఆరోజు అంత కేక!"

"సారీ."

"ఇప్పటికి ఇది ఎన్నో సారీ? పదకొండోదా?"

నవ్వింది. ఆ నవ్వుకీ భయపడ్డాను. ఏదైనా నచ్చగానే అది ఎక్కడ విరుగుతుందో ముందు వెతికే మనసు నాది.

ఇంటికి పంపేటప్పుడు గట్టిగా చెప్పింది: "ఆరు వారాలు కాలు మోపకూడదు. ఫిల్మ్ చూశాకే నిలబెడదాం."

ఆరు వారాలయ్యాయి. ఆసుపత్రి వరండాలో అవ్వ చక్రాల కుర్చీలో ఉంది. హరిణి చేతిలో కొత్త ఎక్స్‌రే కవరు.

"మీరే చూసి చెప్పండి," అన్నాను కిటికీవైపు తిరిగి.

"నేనూ చూడలేదు."

"ఎందుకని?"

"భయం. స్క్రూ జారి ఉంటే మీ మొహం ఎలా చూడను?"

"జారకపోతే?"

ఆమె కవరు అంచు మడిచింది. తర్వాత మెల్లగా అంది: "జారకపోతే మీరిక రావాల్సిన పనుండదు. అదీ భయమే."

"పని లేకపోయినా వస్తాను."

ఆ మాట నాదేనా అనిపించింది. ఫిల్మ్‌కు చెరొక అంచూ పట్టుకుని వెలుగుకి ఎత్తాం.

"తలకిందులుగా పట్టుకున్నారు," అంది. తిప్పాను. ఆమె స్క్రూ మొన మీద వేలు పెట్టింది. "కదల్లేదు. స్క్రూ ఉన్నచోటే ఉంది."

వెనక కుర్చీ కిర్రుమంది.

"పటం ఎంతసేపు చూస్తారప్పా? నన్ను చూడండి."

అవ్వ లేచి నిలబడి ఉంది!

ఇద్దరం పరుగెత్తి చెరో జబ్బా పట్టుకున్నాం.

"నొప్పుందా అవ్వా?"

"నాకేమి, గట్టిగా ఉండాను. వణుకుతా ఉండేది ఎవురి చేతులు?"

"ఇద్దరివీ," అంది హరిణి.