పచ్చగా వెలిగిన దొంగ టెస్ట్

ఆదోని బైపాస్‌లో పత్తి లారీ కింద పడి ఇంజినీర్ రాజశేఖర్ చనిపోయాడు. పోలీసులు యాక్సిడెంట్ అన్నారు. గూఢచారి విభాగం హెడ్‌క్వార్టర్స్ హత్య అంది.

"ఎమ్మిగనూరు మంచినీళ్లలో క్లోరిన్ కలిపే పైథాన్ కంప్యూటర్ ప్రోగ్రాం అతనిదే," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా అందులో చెయ్యి పెట్టింది. కొత్త వెర్షన్ ఈ సాయంత్రమే మోటార్లకు ఎక్కుతుంది. లోపల మన మనిషి భారతి ఉంది. కోడ్‌వర్డ్ ఉల్లిగడ్డ."

ఏజెంట్ ఉరుకుందు బండి తాళాలు అందుకున్నాడు. అక్క జయమ్మ పిల్లలు తాగేది ఆ కుళాయి నీళ్లే.

ఫిల్టర్లు అమ్మేవాడి వేషంలో పంప్‌హౌస్ చేరాడు. వాల్వు దగ్గర ఆపరేటర్ ఉచ్చీరప్ప ఉన్నాడు. కోడ్‌వర్డ్ వినగానే భారతి నల్లకళ్లద్దాలు తీసి నవ్వింది. అందగత్తె. ల్యాప్‌టాప్ ఇటు తిప్పింది. ప్రోగ్రాంను పరీక్షించే టెస్టులన్నీ పాసైనట్టు తెర మీద పచ్చగా ఉన్నాయి.

"సూడన్నా. హద్దు దాటిన క్లోరిన్ డోస్ ఇస్తే, పంపుకు ఆర్డరు కట్టే కన్‌స్ట్రక్టర్ ఒప్పుకోదు, తప్పని ఎక్సెప్షన్ ఇసిరేస్తాది. టెస్ట్ పాస్."

ఉరుకుందు కోడ్ చదివాడు. భయమేసింది. టెస్ట్‌లో డోస్ ఇచ్చారు గానీ పంపు నంబరు ఇవ్వలేదు. ఆ లోటుకే పైథాన్ టైప్‌ఎర్రర్ అని గోల చేసింది. ఏ ఎక్సెప్షన్ వచ్చినా సరేనని టెస్ట్ ఒప్పుకుంది. కుక్క మొరిగితే చాలనుకున్నారు, దొంగను చూసి మొరిగిందో గాలికి మొరిగిందో అడిగినవాడు లేడు. కన్‌స్ట్రక్టర్‌లో హద్దు చూసే లైనునే ఎవరో పీకేశారు. ఇక బయటివాడు ఎంత క్లోరిన్ కలపమంటే అంత కలిసి నీళ్లు విషమవుతాయి.

పంపు నంబరు చేర్చాడు. డోస్ హద్దు దాటితే వచ్చే వాల్యూఎర్రర్ మాత్రమే రావాలని మార్చి రన్ కొట్టాడు. ఎర్రక్షరాలు పడ్డాయి: ఎక్సెప్షన్ రాలేదు.

"రాజశేఖర్ గూడా ఈడిదాకనే సదివినాడు." భారతి చేతిలో పిస్టల్ ఉంది. "మళ్లా పచ్చ చెయ్."

"టెస్ట్ ఎర్రబడితే కొత్త వెర్షన్ మోటార్లకు ఎక్కదు. ఆ తాళం ఏసినోడు రాజశేఖరే. ఆయప్పను సంపినారు గానీ తాళం తియ్యలేకపోయినారు," అన్నాడు ఉరుకుందు.

పిస్టల్ పేలింది. ఉరుకుందు భుజం చీలింది. రెండో గుండు పేలకముందే ఉచ్చీరప్ప పానా ఆమె మణికట్టు మీద పడింది.

"నీళ్లు ఇడుద్దునా వద్దా అప్పా?" పానా దించకుండానే అడిగాడు ఉచ్చీరప్ప.

"పాత ప్రోగ్రాంతోనే ఇడువన్నా."

ఫోన్ మోగింది. "ఏమైంది?" అన్నాడు చీఫ్.

"టెస్ట్ ఫెయిల్ సార్."

"శభాష్!"

ఆ శభాష్ అందుకోవలసినవాడు ఆదోని మార్చురీలో ఉన్నాడు.