బతికున్న చౌడమ్మ వర్ధంతి

ఉరవకొండలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే తిప్పేష్ దివ్యాంగుల హోముకు మొదటిసారి వెళ్లింది కాలిపోయిన మోటారు కోసం. గేటు దగ్గర అతన్ని గంగరత్న ఆపింది. హోము బాగోగులు చూసేది ఆమే. ఎడమ కాలికి ఊతంగా ఇనుప కడ్డీల కాలిపర్, చేతిలో ఊతకర్ర.

"ఏం చదివినావప్పా?" అని అడిగింది.

మోటారు విప్పడానికి వచ్చినవాణ్ని చదువు అడగడం తిప్పేష్ ఎక్కడా చూడలేదు. ఆమె ముఖం చూశాడు. చూశాక ఇంటర్ తప్పిన సంగతి నోటికి రాలేదు.

"డిగ్రీ మేడం. బీకాం."

"నువ్వూ అంతేనా." ఆమె ముఖం వాడింది. "మోటారు ఆ పక్కన ఉండాది. పోయి చూసుకో."

డిగ్రీ అంటే ముఖం వాడే ఆడపిల్ల ఉంటుందని అతనికి తెలీదు. ఎమ్మే అనాల్సిందేమో అనుకుంటూ మోటారు విప్పాడు.

మోటారు బాగయింది. మళ్లీ వెళ్లడానికి కారణం లేకుండా పోయింది. అప్పుడు గేటు పక్కనున్న నల్లబోర్డు గుర్తొచ్చింది. పుట్టినరోజుకో పెళ్లిరోజుకో వర్ధంతికో ఎవరైనా ఆ హోములో మధ్యాహ్నం భోజనం పెట్టించవచ్చు. దాత పేరు, సందర్భం బోర్డు మీద సుద్దతో రాస్తారు. దాత తన చేత్తో వడ్డించాలి. వడ్డిస్తున్నంతసేపూ గంగరత్న పక్కన నిలబడి ఎవరి పేరేమిటో చెబుతుంది. ఆ చివరి సంగతి తిప్పేష్‌కు నచ్చింది.

తన పుట్టినరోజు అన్నాడు. తర్వాత నాయనది అన్నాడు. ఆ తర్వాత చెల్లెలిది.

"మీ ఇంట్లో అందరూ వరసబెట్టి పుట్టినారా ఏమప్పా?"

"అట్ల కలిసొచ్చింది మేడం." సాంబారు గరిటె పట్టుకుని ధైర్యం తెచ్చుకున్నాడు. "హోముకు ఇంకేమన్నా కావల్లంటే చెప్పండి."

"అన్నం పెట్టేవాళ్లకు ఈడ కరువు లేదు. పాత బట్టలు మూటలు మూటలు వస్తాయి. మావోళ్లు కుట్టిన సంచులు మాత్రం ఎవరూ కొనరు. పనికి రమ్మని ఎవరూ పిలవరు." ఆమె వరసలో కూర్చున్న అమ్మాయిని చూపించింది. "ఈ హసీనాకు కండ్లు కనపడవు. సోమవారం నుంచి డిగ్రీ పరీక్షలు. ఈమె చెప్తాంటే పక్కన కూచొని రాసేకి మనిషి కావల్ల. ఒప్పుకొన్న పాప పెండ్లి కుదిరి పోయింది. ఇంకొకరు దొరక్కపోతే ఏడాది పోతాది."

"నేను రాస్తా మేడం."

"నువ్వు పనికిరావు."

అంతలో ఫోన్ మోగింది. ఆమె వెళ్లిపోయింది. తిప్పేష్ గరిటెతో అక్కడే నిలబడ్డాడు. సంచులు కొందామని వెళితే వాటిని ఆమె చేతులమీదుగా కాక ఇంకొకరు కట్టి ఇచ్చారు. వాటిలో రాగి తీగ చుట్టలు వేసి షాపులో వేలాడదీశాడు. ఎందుకు పనికిరాడో మాత్రం తేలలేదు.

శనివారం మళ్లీ హోముకు వెళ్లాడు.

"పుట్టినరోజంటే నమ్మను," అంది గంగరత్న ముందే.

"మా అమ్మ వర్ధంతి," అనేశాడు.

ఆమె సుద్ద పట్టుకున్న చెయ్యి దించింది. "ముందే చెప్పద్దా? ఇన్ని దినాలు ఎగతాళి చేస్తాంటి. పేరేమి?"

ఆమె తనతో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు. మాట వెనక్కి తీసుకునే శక్తి అతనికి లేకపోయింది.

"చౌడమ్మ."

అన్నం గుండిగ దించేవేళకు గేటు ముందు ఆటో ఆగింది. ఒకామె దిగి నేరుగా లోపలికి వచ్చింది.

"ఎవరు కావల్లమ్మా?" అంది గంగరత్న.

"నా కొడుకు. బోర్డు మీద సచ్చిపోయింది నేనే."

గంగరత్న బోర్డు వైపు చూసింది. ఆమె వైపు చూసింది. తిప్పేష్ గుండిగ వెనక్కి జరిగాడు.

"మా తమ్ముడు శ్రీరంగప్ప బస్సులో పోతా బోర్డు సూసినాడు. విడపనకల్లులో మా ఇంటికి ఫోన్ జేసినాడు. నేనే ఎత్తితి. వానికి ఏడ్సల్లనో నవ్వల్లనో తెలీలేదు." కొడుకు వైపు తిరిగింది. "ఎట్ల సచ్చినానో అదన్నా చెప్పురా."

"అమ్మా, బయటికి పోయి మాట్లాడదాం."

"తిన్నాక మాట్లాడదాం. నా వర్ధంతి గదా." చౌడమ్మ వెళ్లి హసీనా పక్కన కూర్చుంది.

"కన్నతల్లినే సంపేసినావే," అంది గంగరత్న. "అంత పుణ్యం ఏం చేసుకుంటావప్పా?"

"పుణ్యానికి కాదు మేడం."

"సదువుకోరా అంటే ఇంటర్ తప్పి కూచున్న్యాడు," అంది చౌడమ్మ విస్తరి సర్దుకుంటూ. "కతలు మాత్రం ఎవరూ నేర్పకనే వచ్చినాయి."

గంగరత్న ఊతకర్ర ఆనించుకుని ఆమె వైపు తిరిగింది. "డిగ్రీ కాదామ్మా?"

"డిగ్రీనా? టెన్త్ గట్టెక్కినందుకే కోడిని కోసినాం."

తిప్పేష్ తల దించుకున్నాడు. తన పని అయిపోయిందనుకున్నాడు. తల ఎత్తేసరికి గంగరత్న నవ్వుతోంది.

"నిజంగా తప్పినావా?"

"నిజమే మేడం."

"ఆ మాట మొదటి దినమే చెప్పింటే పీడా పోయేది గదప్పా. పరీక్ష రాసే మనిషికంటే పక్కన కూచొని రాసేవాడు తక్కువ చదివి ఉండల్ల. అది రూలు. అందుకే గేటు కాడ కనపడినోళ్లనంతా అడుగుతాండా. అందరూ డిగ్రీలే చెప్తారు. ఈ ఊర్లో ఇంటర్ తప్పినోడే లేడనుకొంటి."

ఇంటర్ తప్పినందుకు తనను చూసి సంతోషించిన మనిషిని తిప్పేష్ అంతవరకు ఎరగడు.

"రాత ఎట్లుంటాదన్నా?" అంది హసీనా.

"చదివేకి అయితాది."

"నేను చెప్పిందే రాయల్ల. సొంతంగా ఏమీ కలపద్దు, ఈడ కలిపినట్ల."

వరసంతా నవ్వింది. గంగరత్న నవ్వలేదు. "పుణ్యానికి కాదంటివే. మరి దేనికి వస్తాంటివి?"

అతను తల్లి వైపు చూశాడు.

"నన్ను సూడద్దు. నేను సచ్చినా. నువ్వే చెప్పుకో," అంది చౌడమ్మ.

"నిన్ను చూసేకి." మేడం అనడం మరిచిపోయాడు.

"ఈడికి వచ్చేవాళ్లంతా మమ్మల్ని చూసేకే వస్తారు. ఫోటో దిగి పోతారు."

"వాళ్ల సంగతి నాకు తెలీదు. నిన్ను చూసేకి ఏం చెప్పి రావల్లనో తెలీలేదు. బోర్డు కనపడింది."

గంగరత్న గరిటె అందుకుంది. చౌడమ్మ విస్తరిలో అన్నం వడ్డించింది. వెళుతూ వెళుతూ, "సోమవారం టెన్త్ సర్టిఫికెట్ తీసుకొని రా," అంది.

పరీక్షలు ముగిసిన రోజు కాలేజీ బయట మబ్బు పట్టింది. పక్కచక్రాల స్కూటర్ మీద గంగరత్న కూర్చుని ఉంది. హసీనా వాళ్ల నాయన చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఎన్నాళ్లకో చినుకులు పడ్డాయి. రోడ్డు మీద ఎవరూ పరుగెత్తలేదు. అందరూ ఆగి పైకి చూశారు.

"మీ అమ్మ ఫోన్ చేసినాది," అంది గంగరత్న.

"ఏమనింది?"

"హోముకేం కావల్లో అందరూ అడుగుతారు. నువ్వూ అడిగినావు. నాకేం కావల్లో ఆయమ్మ ఒక్కతే అడిగినాది."

"ఏం చెప్పినావు?"

"ఆలోచించి చెప్తానంటి. పొద్దున చెప్పినా." ఆమె స్కూటర్ స్టార్ట్ చేసింది. "మీ కొడుకును ఇయ్యమంటి. నీకేమన్నా ఇబ్బందా?"

తిప్పేష్ వెనక సీటు మీది చినుకులు చేత్తో తుడిచాడు.

"ఇబ్బంది లేదంటే ఎక్కు. వాన పెద్దదయితాండాది."

అతను ఎక్కి కూర్చున్నాడు.